ఎన్నికల్లేని యూనియన్‌ను మళ్లీ కార్మికుల చేతికి తెచ్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ శివారులో ఫ్యాక్టరీ. పర్మినెంట్ వాళ్లు 180 మంది, కాంట్రాక్టు కింద 400 పైచిలుకు. యూనియన్ ఉంది, అధ్యక్షుడు బయటి నాయకుడు, ఆరేళ్లుగా ఎన్నికల ఊసే లేదు. మొన్నటి వేతన ఒప్పందం సంగతి సంతకాలయ్యాక నోటీసు బోర్డు మీద చూసి తెలుసుకున్నారు. కుర్రాళ్లు కొత్త యూనియన్ పెడదామంటున్నారు. హెచ్ఆర్ వాళ్లేమో యూనియన్ గొడవలెందుకు, వెల్ఫేర్ కమిటీ వేసుకుందాం అంటున్నారు. ఏ దారి పట్టాలి?

నేను అలాంటి ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఫిట్టర్‌గా చేరి, చాలాకాలం యూనియన్ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. డొంకతిరుగుడు లేకుండా చెప్తాను తమ్ముడూ: కొత్త యూనియన్ పెట్టొద్దు, వెల్ఫేర్ కమిటీని నమ్ముకోవద్దు. ఉన్న యూనియన్‌నే చేతిలోకి తీసుకోండి. అందులో ముందుగా ఒకే ఒక్క నియమం సాధించండి. జనరల్ బాడీలో, అంటే సభ్యులందరి సమావేశంలో, చదివి వినిపించి, చీటీల మీద రహస్య ఓటు వేయించాకే ఏ ఒప్పందం మీదైనా సంతకం పెట్టాలి. అధ్యక్షుణ్ణి మార్చడం కంటే ఇది ముఖ్యం. మనిషిని మార్చి పద్ధతిని అలాగే ఉంచితే, మూడేళ్లకు కొత్తాయన కూడా పాతాయనలాగే తయారవుతాడు.

కొత్త యూనియన్ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకటి కంటే ఎక్కువ యూనియన్లు ఉన్నచోట మస్టర్ రోల్‌లోని (హాజరు పట్టీలోని) కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియనే యాజమాన్యంతో బేరమాడే ఏకైక చర్చల సంఘం అవుతుంది. మీ 180 మందిలో అది 92 మంది. ఎవరికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్లతో చర్చల మండలి వేస్తారు. మీరు చీలి 70 మంది ఇటు, 70 మంది అటు అయ్యారనుకోండి, మిగతా 40 మందితో మూడో జెండా లేపడం యాజమాన్యానికి చిటికెలో పని. ఆ తర్వాత బేరం కంపెనీతో కాదు, మీలో మీకే.

పైగా కొత్త రిజిస్ట్రేషన్ కాగితం మీద కనిపించినంత తేలిక కాదు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో శామ్‌సంగ్ కార్మికులు 2024 సెప్టెంబర్‌లో సమ్మెకు దిగి నెల రోజులకు పైగా బయట కూర్చున్నారు. వాళ్ల ముఖ్యమైన డిమాండు తమ యూనియన్‌ను గుర్తించమనే. మద్రాసు హైకోర్టు దాకా వెళ్లాక, 2025 జనవరిలో గానీ రిజిస్ట్రేషన్ చేతికి రాలేదు. అంత పెద్ద బలగం, అంత పట్టుదల ఉన్నవాళ్లకే ఆ తిప్పలు. మీకు రిజిస్టరైన యూనియన్ ఇప్పటికే ఉంది. పాత చట్టం కింద రిజిస్టరైనవి కొత్త కోడ్ కింద కూడా కొనసాగుతాయి. చేతిలో ఉన్నదాన్ని వదులుకోవద్దు.

ఇక దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, గేటు దగ్గర నినాదాలతో కాదు, నియమావళితో. ప్రతి యూనియన్‌కూ రిజిస్ట్రేషన్ అప్పుడు దాఖలు చేసిన నియమావళి ఉంటుంది. మీ ఆఫీసులో లేదంటారు, పోయిందంటారు. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్ దగ్గర కాపీ ఉంటుంది, దరఖాస్తు పెట్టి తీసుకోండి. అందులో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి.

ఒకటి, కార్యవర్గం పదవీకాలం. పాత 1926 ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో సవరణ చేసి, ఇది మూడేళ్లకు మించకూడదన్నారు. మీ కార్యవర్గానికి ఆరేళ్లు దాటాయి కదా, మొదటి ప్రశ్న అక్కడే దొరికింది. రెండు, ఎంతమంది సభ్యులు సంతకాలు పెడితే ప్రత్యేక జనరల్ బాడీ పిలవాలన్న క్లాజు. మూడు, సభ్యత్వం ఎవరికి ఇవ్వొచ్చన్నది. దాని అవసరం కాంట్రాక్టు వాళ్ల విషయంలో పడుతుంది, తర్వాత చెప్తాను.

ఇంకోటి. లెక్కల పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఇది నాయకుడు దయతో ఇచ్చేది కాదు. మీలో నలుగురు కలిసి, ఫలానా తేదీన లెక్కలు చూడటానికి వస్తున్నామని మర్యాదగా లెటర్ రాయండి. దొంగలెక్కలు అంటూ వాట్సాప్‌లో మొదలుపెట్టారో, పని చెడిపోతుంది. చాలాచోట్ల డబ్బు తినేసి ఉండరు. రాయడం బద్ధకమై మూడేళ్లుగా వార్షిక రిటర్నులు, అంటే రిజిస్ట్రార్‌కు ఏటా పంపాల్సిన లెక్కలు, పంపి ఉండరంతే. ఆ రిటర్నులు పంపకపోతే రిజిస్ట్రేషనే రద్దయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి "అన్నా, యూనియన్ కాపాడుకుందాం, రిటర్నులు కట్టేద్దాం" అంటూ మొదలుపెడితే పాత కార్యవర్గంలో సగం మంది మీ వైపు వచ్చేస్తారు.

బయటి నాయకుడి గురించి కూడా ఒక మాట. మీ కుర్రాళ్లకు ఆయన మీద కోపం ఉంది, అర్థం చేసుకోగలను. కానీ బయటివాళ్లందరూ పనికిరానివాళ్లని అనుకోవద్దు. మన దేశంలో ఈ ఉద్యమాన్ని నిలబెట్టిందే వాళ్లు. నోరెత్తిన కార్మికుణ్ణి మర్నాడే గేటు బయటికి తోసే రోజుల్లో, ఉద్యోగం పోతుందన్న భయం లేనివాడే మాట్లాడగలిగేవాడు. రాష్ట్రపతి కాకముందు వి.వి.గిరి గారు రైల్వే కార్మికుల్లో పనిచేసి ఎదిగిన మనిషే. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తే 1954లో ఆ పదవికే రాజీనామా ఇచ్చారు. అలాంటి మంత్రిని ఇప్పుడు ఊహించుకోండి! అయితే చట్టం కూడా హద్దు పెట్టింది. మీలాంటి ఫ్యాక్టరీ యూనియన్‌లో పదాధికారుల్లో బయటివాళ్లు మూడో వంతుకు గానీ ఐదుగురికి గానీ, ఏది తక్కువైతే దానికి మించకూడదు. మీ నాయకుణ్ణి గౌరవాధ్యక్షుడిగా, సలహాదారుగా ఉంచుకోండి. లేబర్ ఆఫీసులో ఏ టేబుల్ దగ్గర ఏం మాట్లాడాలో ఆయనకు తెలిసినంత మీకు తెలియదు. కానీ సంతకం పెట్టే చేయి లోపల పనిచేసేవాడిది అయి ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి, ఒప్పందం మీద ఓటు.

మా ఫ్యాక్టరీలో ఒకసారి కార్యవర్గం మూడేళ్ల ఒప్పందం ముసాయిదా తెచ్చింది. నెలకు 2,400 పెంపు. కమిటీలో అందరికీ సంతోషమే, పక్క కంపెనీలో 1,900 మాత్రమే వచ్చింది కాబట్టి. అప్పటికే జనరల్ బాడీలో చదవాలన్న నియమం పెట్టుకున్నాం గనక, షెడ్డులో కూర్చోబెట్టి క్లాజు క్లాజుగా చదివాం. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ లేచి, "అన్నా, ఈ 2,400లో బేసిక్‌లో కలిసేది ఎంత?" అని అడిగింది. చూస్తే 600. మిగతా 1,800 అటెండెన్స్ అలవెన్స్, ప్రొడక్షన్ ఇన్సెంటివ్, వాషింగ్ అలవెన్స్ అంటూ నాలుగైదు ముక్కలు. బేసిక్ 15 వేల లోపు ఉన్నవాళ్లకు కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం లెక్కన 600 మీద 72 రూపాయలే పెరుగుతుంది. మొత్తం 2,400 బేసిక్‌లో కలిస్తే 288 పెరిగేది. గ్రాట్యుటీ కూడా చివరి బేసిక్, డీఏ మీదే కదా. పైగా ఒంట్లో బాగోలేక రెండు రోజులు రాకపోతే అటెండెన్స్ అలవెన్స్ మొత్తం గోవిందా. ఆమె ప్రశ్న తర్వాత ఒక్కొక్కరూ లేవడం మొదలుపెట్టారు. ఏడో క్లాజులో "అవసరాన్ని బట్టి ఏ విభాగానికైనా మార్చే హక్కు యాజమాన్యానికి ఉంటుంది" అన్న వాక్యం ఉంది. కమిటీలో ఎవ్వరం దాన్ని పట్టించుకోలేదు. మెషిన్ షాపు వాళ్లు పట్టుకున్నారు, వాళ్ల మీదే పడుతుంది కాబట్టి.

ముసాయిదా ఓడిపోయింది. కార్యవర్గం మళ్లీ చర్చలకు వెళ్లింది. ఈసారి హెచ్ఆర్ వాళ్ల ముందు మా మాటకు ఉన్న బరువు వేరు. "మేము ఒప్పుకున్నా జనం ఒప్పుకోవట్లేదు సార్, ఇదిగో ఓట్ల లెక్క" అనగలిగాం. బేరంలో దీన్ని మించిన ఆయుధం లేదు. ఓటు పెడితే నాయకుడు బలహీనపడతాడని చాలామంది సెక్రటరీలకు టెన్షన్. చర్చల బల్ల దగ్గర జరిగేది దానికి పూర్తిగా రివర్స్. (ఇప్పుడైతే వేతనాల కోడ్ ప్రకారం మొత్తం జీతంలో అలవెన్సులు సగానికి మించితే, మించినదాన్ని వేతనం కిందే లెక్క వేయాలి. మీ ఒప్పందంలో విడగొట్టిన తీరు చూసి ఆ లెక్క కట్టుకోండి.)

మీ ఒప్పందం ఏ రకమో కూడా చూసుకోవాలి. యాజమాన్యం, యూనియన్ నేరుగా కూర్చుని రాసుకుంటే అది సంతకం పెట్టిన పక్షాలకే వర్తిస్తుంది. లేబర్ అధికారి సమక్షంలో రాజీ చర్చల్లో కుదిరితే, పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 12(3) సెక్షన్ పేరుతో మన వాళ్లు ఇప్పటికీ ట్వెల్వ్ త్రీ అనేది, మొత్తం కార్మికులందరికీ, రేపు చేరబోయేవాళ్లకూ వర్తిస్తుంది. నోటీసు బోర్డు మీది కాగితంలో ఆఖరి పేజీ చూడండి. అధికారి సంతకం, ముద్ర ఉన్నాయా లేదా?

రహస్య ఓటు కార్మికుల్లో ఎలా పనిచేస్తుందో చూడాలంటే మనకు సింగరేణి ఉంది. తొంభైల మొదట్లో అక్కడ లెక్కలేనన్ని సంఘాలు, ఏడాదికి వందల సమ్మెలు. కంపెనీ నష్టాల్లో మునిగిన సంస్థల కేసులు చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. 1998లో తొలిసారి కేంద్ర కార్మిక శాఖ ఆధ్వర్యంలో కంపెనీ ఏ సంఘంతో చర్చించాలో తేల్చే గుర్తింపు ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తో పెట్టారు, సీపీఐ అనుబంధ సంఘం ఏఐటీయూసీ గెలిచింది. ఆ తర్వాత కార్మికులు గుర్తింపు సంఘాన్ని మార్చేశారు, మళ్లీ మార్చేశారు. 2012లో, 2017లో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) అనుబంధ టీబీజీకేఎస్‌ను ఎన్నుకుని, 2023 డిసెంబర్ 27న తిరిగి ఏఐటీయూసీని తెచ్చుకున్నారు. పోలింగ్ 94 శాతం. ఏఐటీయూసీకీ కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీకీ మధ్య తేడా రెండు వేల ఓట్లే. పదకొండు డివిజన్లలో ఆరింటిలో ఐఎన్‌టీయూసీనే ముందుంది. అంటే కార్మికులు కంపెనీ స్థాయిలో ఒకరిని, తమ ఏరియాలో ఇంకొకరిని పెట్టుకున్నారు. అసెంబ్లీ ఎన్నికలు అయిపోయి రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం వచ్చిన నెల అది. అధికార పార్టీకి దగ్గరైన సంఘమే మొత్తం గెలుస్తుందని అనుకున్నవాళ్ల లెక్క తప్పింది.

అయితే సింగరేణిని నెత్తిన పెట్టుకోమని కాదు నేననేది. 2017 తర్వాత ఎన్నికలు హైకోర్టు దాకా వెళ్తే గానీ జరగలేదు. ప్రచారం గనుల మీద కంటే పార్టీ ఆఫీసుల నుంచే ఎక్కువ నడుస్తుంది. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ బ్యాలెట్‌లో కాంట్రాక్టు కార్మికుడికి ఓటు లేదు. ఓటు లేకపోతే ఏమవుతుందో 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు అంకెల్లోనే కనిపించింది. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు, అదీ మొట్టమొదటిసారిగా ఇస్తున్నామని గొప్పగా చెప్పుకుంటూ.

మీ దగ్గర 400 మంది కాంట్రాక్టు వాళ్లుంటే 180 మందితో యూనియన్ ఎన్నాళ్లు నడుస్తుంది? రిటైరైన పర్మినెంట్ చోట కొత్త పర్మినెంట్ వస్తున్నాడా? రాడు. పదేళ్లలో మీరు 90 మంది అవుతారు. అప్పుడు సమ్మె చేసినా లైన్ ఆగదు. అందుకే సభ్యత్వ క్లాజు చూడమన్నాను. "ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికులు" అని ఉంటే చాలు. "పర్మినెంట్" అన్న మాట ఉంటే జనరల్ బాడీలో సవరించి రిజిస్ట్రార్‌కు పంపండి.

వాళ్లను చేర్చుకోవడం రసీదు పుస్తకం పట్టుకుని తిరిగితే జరగదు. మీలో చాలామంది పర్మినెంట్ వాళ్లకు లోపల ఒక భయం ఉంది, వాళ్లొస్తే మన పెంపులో కోత పడుతుందని. అది పైకి మాట్లాడుకోండి, దాచుకుంటే అదే తర్వాత కొంప ముంచుతుంది. కాంట్రాక్టు వాళ్ల భయం వేరు. పేరు బయటికొస్తే మర్నాడు కాంట్రాక్టర్ గేట్ పాస్ ఆపేస్తాడు. కాబట్టి ముందు జాబితా రాయొద్దు. చిన్న పని ఒకటి చేసి చూపించండి. జీతం ఏడో తారీఖులోపు పడుతోందా, పే స్లిప్ ఇస్తున్నారా, ఈఎస్ఐ నంబరు పనిచేస్తోందా, ఆ మూడే. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే మీ కంపెనీయే, కట్టాలన్నది పాత కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఒక్క నెల జీతం ఇప్పించారంటే వాళ్లే మీ దగ్గరికి వస్తారు. ఇంకో సంగతి, మీ కరపత్రాలు తెలుగులోనే ఉంటాయి. మీ షాప్‌లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? వాళ్లలోనే ఒకణ్ణి కూర్చోబెట్టి హిందీలో, ఒడియాలో రాయించండి.

2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇలా వలస వచ్చినవాళ్లే. పని స్థలంలో ప్రజాస్వామ్యం అంటే జీతం బేరం ఒక్కటే అనుకునేవాళ్లకు చెప్తున్నాను, "ఈ రియాక్టర్ ఇవాళ నడపకూడదు" అని అనగలిగే హక్కు కూడా అందులో భాగమే. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీ పెట్టాలన్నారు. ప్రాణాపాయం ఉందనిపిస్తే కార్మికుడు హెచ్చరించే హక్కు కూడా అప్పుడే వచ్చింది. ఎన్ని ఫ్యాక్టరీల్లో ఆ కమిటీ మినిట్స్ బుక్‌లో తప్ప బయట కనిపించిందో మీకే తెలుసు.

ఇక హెచ్ఆర్ వాళ్ల వెల్ఫేర్ కమిటీ. దీనికి ఆర్టీసీ కంటే మంచి ఉదాహరణ లేదు. 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది, దాదాపు 48 వేల మంది. సమ్మె విరమించాక ప్రభుత్వం యూనియన్లను పక్కన పెట్టి, డిపోకు ఇద్దరు చొప్పున వెల్ఫేర్ కౌన్సిళ్లు వేసింది. ఆ ఇద్దరినీ డ్రైవర్లు, కండక్టర్లు ఓటేసి పంపలేదు. పేరు రాసింది అధికారి అయినప్పుడు ఆ మనిషి జవాబు చెప్పేది ఎవరికి? సెలవు దొరకడం, డ్యూటీ చార్టు లాంటి చిన్న విషయాలకు పనికొస్తుందేమో. జీతం, పని గంటలు, సిబ్బంది కోత దగ్గరికి వచ్చేసరికి నోరు లేవదు.

కమిటీ అనగానే వద్దనకండి. చట్టం ఇచ్చిన కమిటీ అడగండి. 20 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి. గరిష్ఠంగా పది మంది, ఇరువైపులా సమానం, ఆడవాళ్లకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు, అధ్యక్ష స్థానం ఏడాదికొకసారి మారుతుంది. దీంట్లో బంగారం లాంటి నిబంధన ఒకటుంది. కార్మిక సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకోకపోతే కమిటీ నిర్ణయం చెల్లదు. ఆ కార్మిక సభ్యులను షిఫ్టుల వారీగా ఓటేసి పంపితే, హెచ్ఆర్ తనకు నచ్చినవాళ్లతో కాగితం నింపుకోలేరు. రాజ్యాంగంలో 43ఎ అధికరణం, యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం గురించి, 1976 నుంచీ ఉంది. దాని మీద 1990లో పార్లమెంటులో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే పోయింది. జర్మనీలో అదే 1976లో వచ్చిన చట్టంతో రెండు వేలకు మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులకు దక్కాయి. మనకు అంత లేదు, ఉన్నదాన్నయినా పూర్తిగా వాడుకోవడం లేదు.

తొందరపడొద్దని ఒక హెచ్చరిక. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు లేకుండా సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. ఇది తెలియక కుర్రాళ్లు వాట్సాప్‌లో "రేపు అందరం సీఎల్" అని పెట్టేస్తారు, ఆ స్క్రీన్‌షాటే ఛార్జిషీట్‌కు జతపరుస్తారు. ముందుండే ఐదుగురికి రక్షిత కార్మికుల హోదా తెప్పించుకోండి. కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురు, రిజిస్టరైన యూనియన్ పదాధికారులకే అది వస్తుంది. వివాదం నడుస్తుండగా వాళ్లను తీసేయాలంటే సంబంధిత అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. ఉన్న యూనియన్‌ను వదలొద్దన్నదానికి ఇది ఇంకో కారణం.

కాబట్టి ఈ వారం చేయాల్సింది రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి నియమావళి కాపీ, చివరి మూడేళ్ల రిటర్నుల కాపీ అడగడం. ఇద్దరు వెళ్లండి, ఒక్కరే వెళ్లొద్దు, దరఖాస్తు మీద స్టాంపు వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ప్రత్యేక జనరల్ బాడీకి ఎన్ని సంతకాలు కావాలని రాసి ఉందో, సభ్యత్వ క్లాజులో ఏ మాటలున్నాయో యథాతథంగా ఇక్కడ పెట్టండి. సంతకాల సేకరణకు లెటర్ ఎలా రాయాలో అప్పుడు ముసాయిదా ఇస్తాను.